చీమల చెలికాడు

పిపీలికాది బ్రహ్మపర్యంతం అంటూ సృష్టిని పేర్కొనేటప్పుడు మన పెద్దలు చీమతోనే మొదలుపెట్టారు. ముంగిట బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, ఆ పిండి చీమలకు ఆహారమవుతుందని సంతోషించడం తెలుగు లోగిళ్ళలోని సంప్రదాయం. అయితే చీమ జీవితాన్ని నిదానించి చూసినవారు అరుదు. దానికి తెలివి ఉన్నదా, సాటి చీమ మీద దయ ఉన్నదా అని ఊహించడం తేలిక. పరీక్షించి తెలుసుకోవడం కష్టం. ఆ కష్టాన్ని ఇష్టంగా తలకెత్తుకున్న మహనీయుడు సర్ జాన్ లబ్బక్.

లబ్బక్ 1834 ఏప్రిల్ 30న లండన్ నగరంలో జన్మించాడు. తండ్రి బ్యాంకు యజమాని. గణిత, ఖగోళ శాస్త్రాలలో పండితుడు. వారి కుటుంబం కెంట్ మండలంలోని డౌన్ గ్రామ సమీపాన నివసించేది. ఒకనాడు తండ్రి ఇంటికి వచ్చి గొప్ప శుభవార్త తెచ్చానని కొడుకుతో చెప్పాడు. తనకొక చిన్న గుర్రం రాబోతున్నదని బాలుడు ఆశపడ్డాడు. తీరా చూస్తే, చార్లెస్ డార్విన్ అనే శాస్త్రవేత్త తమ ఊరికి కాపురం వస్తున్నాడన్నదే ఆ వార్త. బాలుడు ఉసూరుమన్నాడు. కాని 1842లో పొరుగున స్థిరపడిన ఆ శాస్త్రవేత్తయే తరువాతి కాలంలో అతనికి గురువూ, ఆప్తమిత్రుడూ అయ్యాడు. డార్విన్ ప్రోత్సాహంతోనే తండ్రి అతనికి ఒక సూక్ష్మదర్శినిని కొనిచ్చాడు. అల్పప్రాణులలోని అద్భుతాలను ఆ పరికరం అతని కళ్ళకు కట్టింది.

ఈటన్ పాఠశాలలో చదువుతున్న లబ్బక్‌ను పద్నాలుగేళ్ళ ప్రాయంలోనే తండ్రి బ్యాంకు పనిలో పెట్టాడు. విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టే అవకాశం ఆయనకు లభించలేదు. అయినా ఆయన విద్యను విడిచిపెట్టలేదు. పగలు బ్యాంకు లెక్కలు చూస్తూనే, మిగిలిన ప్రతి గడియనూ అధ్యయనానికి వినియోగించాడు. ఇరవై నాలుగేళ్ళ వయస్సులో, 1858లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1865లో ప్రకటించిన గ్రంథంలో రాతియుగాన్ని పాత రాతియుగం, కొత్త రాతియుగం అని విభజించి పేర్లు పెట్టినవాడు ఆయనే. 1870లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

ఇన్ని బాధ్యతల నడుమ ఆయన మనస్సును ఆకర్షించినవి చీమలు. పుట్టను తవ్వితే చీమల సంసారం చెదిరిపోతుంది; తవ్వకపోతే లోపలి జీవితం కనబడదు. ఈ చిక్కును ఆయన నేర్పుతో విడదీశాడు. రెండు గాజు పలకల మధ్య, చీమ కదలడానికి చాలినంత ఎడం విడిచి, పలుచగా మన్ను నింపి అందులో చీమలను పెంచాడు. అవి పారిపోకుండా గూడు చుట్టూ నీటి కందకం అమర్చాడు. ఒక చీమను మరొక చీమ నుండి గుర్తించడానికి వాటి వీపులపై రంగుచుక్కలు పెట్టాడు.

ఆ గాజుగూళ్ళు ఎన్నో అపోహలను తొలగించాయి. చీమల ఆయువు ఒక్క ఏడాదికి మించదని అప్పట్లో పలువురు భావించేవారు. 1874 డిసెంబరులో లబ్బక్ సేకరించిన ఒక రాణిచీమ ఆయన సంరక్షణలో 1888 ఆగస్టు వరకు జీవించింది. శరత్కాలంలో పేనుబంక పురుగులు పెట్టిన గుడ్లను కొన్ని చీమలు తమ గూటికి తెచ్చి, శీతకాలమంతా కాపాడి, వసంతంలో పుట్టిన పిల్లలను మొక్కల మీదికి చేర్చడం ఆయన గమనించాడు. ఆ పురుగులు స్రవించే తియ్యని ద్రవం చీమలకు ఆహారం. ముందుచూపుతో పశుపోషణ చేసే రైతుకూ, ఈ చీమకూ ఉన్న పోలిక ఆయనను అబ్బురపరచింది.

చీమలు వెలుతురు నుండి తమ పిల్లలను చీకటిలోకి మోసుకుపోతాయి. పట్టకం ద్వారా కాంతిని రంగులుగా విడదీసి గూటిపై ప్రసరింపజేసి, మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను కూడ చీమలు గుర్తించగలవని లబ్బక్ నిరూపించాడు. వాటి చెంత వయొలిన్ వాయించి చూశాడు. ఎలుగెత్తి అరచి చూశాడు. అవి చలించలేదు. అంతమాత్రాన వాటికి వినికిడి లేదని ఆయన తీర్మానించలేదు. మన చెవికి అందని ధ్వనులు వాటికి వినబడుతూ ఉండవచ్చునని భావించాడు.

చీమల పరస్పర ప్రేమను గురించి లోకంలో ఎన్నో కథలున్నాయి. లబ్బక్ వాటిని కూడ పరీక్షకు పెట్టాడు. కొన్ని చీమలకు మద్యంతో మత్తు కలిగించి ఒక గూటి దగ్గర ఉంచాడు. గూటిలోని చీమలు తమవారిలో ఎక్కువమందిని లోపలికి మోసుకుపోయాయి. పరాయి చీమలలో ఎక్కువమందిని నీటిలో పడవేశాయి. మరొకసారి కొన్ని చీమలను మట్టి కింద కప్పిపెడితే, వాటి తోటిచీమలు పక్కనుండే సాగిపోయాయి తప్ప తవ్వి తీయలేదు. అయితే స్పర్శశృంగాలు లేకుండా పుట్టి గాయపడిన ఒక చీమను మరొక చీమ పరిశీలించి, మెల్లగా ఎత్తుకొని గూటికి చేర్చడం కూడ ఆయన చూశాడు. చీమలంటే తనకెంత ప్రీతి ఉన్నా ఆయన వాటికి లేని గుణాన్ని అంటగట్టలేదు. ఉన్న గుణాన్ని దాచలేదు. అనుకూలమైన ఫలితాన్నీ, ప్రతికూలమైన ఫలితాన్నీ సమానంగా నమోదు చేశాడు.

ఒకనాడు ఒక చీమ ఉదయం నుండి రాత్రి వరకు విరామం లేకుండా శ్రమించి, ఆయన ఉంచిన 187 డింభకాలను ఒక్కొక్కటిగా గూటికి చేరవేసింది. ఆ శ్రమకు ఆయన ఆశ్చర్యపడ్డాడు. కాని మనిషి కూడ అట్లే పనిచేయాలని ఆయన కోరలేదు. అప్పటికే, 1871లో, ఆయన కృషి వల్ల ఇంగ్లాండులో ఏడాదికి నాలుగు రోజులు బ్యాంకు సెలవులుగా చట్టబద్ధమయ్యాయి. జనులు కృతజ్ఞతతో ఆ సెలవును ఆయన పేరుతో పిలుచుకున్నారు. ఆ రోజుల్లో దుకాణాలలో పనిచేసే బాలబాలికలు తెల్లవారినది మొదలు రాత్రి పొద్దుపోయేదాకా నిలబడి పనిచేసేవారు. లబ్బక్ వారి పక్షాన ఎడతెగక పోరాడాడు. 1886లో వచ్చిన చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వారి పనిని వారానికి 74 గంటలకు పరిమితం చేసింది. నేటి దృష్టికి అది స్వల్పమే. ఆనాటి పసివారికి మాత్రం అది ఊరట.

చీమలు, తేనెటీగలు, కందిరీగలను గురించి ఆయన రచించిన గ్రంథం 1882లో వెలువడి పలు ముద్రణలు పొందింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో డార్విన్ కన్నుమూశాడు. ఆ మహనీయుని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో సమాధి చేయించడానికి లబ్బక్ పూనుకున్నాడు. శవపేటిక వెంట తానూ నడిచాడు. ప్రాచీన కట్టడాల రక్షణకై చట్టం తెచ్చినదీ ఆ ఏడే. ఎవ్‌బరీ గ్రామంలోని పురాతన శిలావలయం ధ్వంసం కాకుండా అంతకుముందే ఆయన ఆ భూమిని కొని కాపాడాడు. 1900లో ప్రభువుగా గౌరవం పొందినప్పుడు ఆ ఊరి పేరునే తన బిరుదుగా స్వీకరించాడు. 1913 మే 28న దివంగతుడయ్యాడు.

చీమలు తమ బాటలో విడిచే రసాయనాలతో ఒకదానికొకటి సమాచారం అందిస్తాయని తరువాతి శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. నేడు మనకు తెలిసిన చీమల జాతులు 14,000కు పైబడి ఉన్నాయి. ఈ విజ్ఞానానికి బాట వేసినవారిలో లబ్బక్ ఒకరు. చీమ నుండి మనిషి శ్రమను నేర్చుకోవాలని ఎందరో చెప్పారు. అలసిన మనిషికి విశ్రాంతి కూడ కావాలని గుర్తించినవాడు, ఆ చీమ శ్రమను అందరికంటే దగ్గరగా చూసిన లబ్బక్.