వాలెంతిన్ హావీ: భిక్షకు బదులు విద్య నిచ్చిన దాత

పర్వదినములందు మన దేవాలయముల మెట్లమీదను, తీర్థములందును, సంతలందును అంధులు వరుసగా కూర్చుండి చేయి చాపుట మనకు క్రొత్త కాదు. గృహస్థులు పిడికెడు బియ్యమో, నాలుగు కాసులో వేసి, పుణ్యము దక్కెనని తలంచి సాగిపోవుదురు. ఇచ్చుట మంచిదే, దానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని మరునాడు ఆ మనుష్యుడే ఆ మెట్టుమీదనే మరల చేయి చాపుచుండినచో, మనము నిజముగా నతని కిచ్చినదేమి యను ప్రశ్న నొకసారి వేసికొనవలెను. సుమారు రెండువందల నలుబది సంవత్సరములకు పూర్వము ఫ్రాన్సు దేశమున నొక సామాన్య గృహస్థుడు ఈ ప్రశ్నను వేసికొని, దానికి తన జీవితముతోనే సమాధానము చెప్పెను. ఆయన పేరు వాలెంతిన్ హావీ. లూయీ బ్రెయిల్ పేరు నెరుగనివారు నేడు అరుదు. ఆ బ్రెయిల్ చదివిన పాఠశాలను స్థాపించినవాడు హావీయే.

హావీ 1745వ సంవత్సరము నవంబరు నెలలో, పారిసునకు ఉత్తరముగా నున్న సెంట్ జూస్త్ అను చిన్న యూరిలో జన్మించెను. తండ్రి నేతపనివాడు. ఇంట కలిమి లేకున్నను, సమీపమఠములోని సన్న్యాసులు ఆ ఇంటి పిల్లలకు చదువు చెప్పిరి. అన్న రెనే జూస్త్ స్ఫటికముల నిర్మాణమును శోధించి ప్రపంచఖ్యాతి గడించిన శాస్త్రజ్ఞుడయ్యెను. తమ్ముడు వాలెంతిన్ భాషలయందు ప్రజ్ఞ సంపాదించి, పారిసు నగరమున లేఖలను, దస్తావేజులను అనువదించుచు జీవనము సాగించెను. ధనవంతుడు కాడు, అధికారి కాడు. తన కుటుంబమును పోషించుకొనుచు, మిగిలిన తీరికతో లోకోపకారము చేయదలచిన మధ్యతరగతి మనుష్యుడు.

ఆ కాలమున పారిసులోని అంధుల స్థితి యెట్లుండెనో చెప్పవలసియున్నది. పదుమూడవ శతాబ్దమున తొమ్మిదవ లూయీ రాజు మూడువందలమంది అంధులకొర కొక ఆశ్రమమును కట్టించెను. పదునైదు ఇరువదులు మూడు వందలు గనుక, దానికి ఆ దేశపు భాషలో పదునైదిరువదులు అను పేరే నిలిచిపోయెను. రాజు కట్టించిన ఆశ్రమమైనను, అందలి అంధులు వీథులలో బిచ్చమెత్తుట మానలేదు. బిచ్చమెత్తుట వారి హక్కుగా ఎంచబడెను. అనగా ఐదువందల యేండ్లకు పైగా ఆ దేశపు దయ అంధునకు తలదాచుకొన చోటును, చేతికి పాత్రను మాత్రమే యిచ్చెను. అంధునకు బుద్ధి కలదనియు, స్పర్శద్వారమున నది విద్యను గ్రహింపగలదనియు డిడెరో అను తత్త్వవేత్త 1749లో గ్రంథము వ్రాసెను. పండితులు చదివిరి, చర్చించిరి, ఊరకుండిరి.

1771లో పారిసునందు జరిగిన సెంట్ ఒవిడ్ సంతలో హావీ యొక దృశ్యమును చూచెను. ఒక కాఫీ దుకాణమువాడు కొందరు అంధులను చేర్చి, వారిచే వింత టోపీలు తొడిగించి, అద్దములు లేని అట్టకళ్ళజోళ్ళు పెట్టించి, ఎదుట సంగీతపుస్తకములు పరచి, వాద్యములపై అపస్వరములు పలికింపజేసెను. జనులు విరగబడి నవ్విరి, దుకాణము నిండెను. ఆ అంధులు తిండికొరకే ఆ యవమానమునకు ఒడంబడిరి. ఆ నవ్వు హావీకి ములుకువలె నాటెను. చదువలేనివాని యెదుట పుస్తకముంచుట పరిహాసమైనచో, ఆ పుస్తకమును వారిచే నిజముగానే చదివింపవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

నిశ్చయము కార్యమగుటకు పదుమూడు సంవత్సరములు పట్టెను. 1784లో వియన్నా నగరమునుండి మరియా థెరేసియా ఫాన్ పారడిస్ అను అంధయువతి పారిసునకు వచ్చి పియానో కచేరీలు చేసెను. ఆమె కలిగినవారి బిడ్డ. గొప్ప గురువులయొద్ద శిక్షణ పొందినది. చేతితో తడవి చదువుకొను ఉపాయములు ఎరిగినది. ఆమెను చూచిన పిదప హావీకి సందేహము తీరెను. కలవారి బిడ్డకు సాధ్యమైనది బీదవాని బిడ్డకు ఏల సాధ్యము కాకూడదు?

ఆ సంవత్సరముననే ఒక చర్చి ద్వారమున బిచ్చమెత్తుచున్న ఫ్రాన్స్వా లెసూర్ అను పదునేడేండ్ల అంధబాలుని ఆయన చేరదీసెను. ఇక్కడ పాఠకులు మిక్కిలి గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆ బాలుడు తెచ్చు బిచ్చమువలననే అతని యింటివారి పొట్ట నిండుచుండెను. చదువుకొమ్మని హితవు చెప్పినంతమాత్రమున అతడు బిచ్చము మానుట యెట్లు? హావీ ఆ సంగతి గ్రహించి, బిచ్చమువలన వచ్చు రాబడిని తన చేతిసొమ్ముతో పూరించెను. చదువుకొన్న కాలమునకు కూలి యిచ్చెనన్నమాట. బీదవానికి విద్య నేర్పదలచువారు ముందుగా అతని ఆకలి లెక్కను చూడవలెనను నీతిని, ఏ సభలోను ఉపన్యసింపకయే, ఆయన ఆచరించి చూపెను.

హావీ మొదట చెక్కతో చేసిన యక్షరములను బాలుని చేతి కిచ్చెను. ఒకనాడు లెసూర్ బల్లపైనున్న కాగితములను తడవుచు, గట్టిగా అచ్చుపడి వెనుక ఉబ్బిన యొక యక్షరమును వ్రేలితో గుర్తించెనని చెప్పుదురు. కాగితముపై నక్షరములను ఉబ్బెత్తుగా అచ్చొత్తినచో అంధుడు పుస్తకము చదువగలడని గురువునకు శిష్యుడే దారి చూపినట్లయ్యెను. ఆ సంవత్సరము ముగియకమునుపే లెసూర్ పెద్దల సభలో చదివి చూపెను. ధృతరాష్ట్రుడు సమస్తమును సంజయుని నోట వినవలసివచ్చెను. ఈ బిచ్చగాని బిడ్డ ఏ సంజయుని సాయమును లేకయే గ్రంథమును తానై చదువుకొనెను.

1785లో పాఠశాల వెలసెను. అంధులకొరకై ప్రపంచమున స్థాపింపబడిన మొదటి పాఠశాల యిదియే యని చరిత్రకారులు చెప్పుదురు. పారిసులోని పరోపకారసంఘ మొకటి, తాను పోషించుచున్న పండ్రెండుమంది బీద అంధబాలురను హావీకి అప్పగించి, ధనసహాయము చేసెను. ఆ సంఘమువారు చందా లిచ్చిరి. తీరిక వేళలను ఇచ్చిరి. తమ పరపతిని వినియోగించిరి. ప్రభుత్వము చేయిచాచుటకు ముందు ఆ పాఠశాలను నిలిపినది పౌరుల స్వచ్ఛందసేవయే.

ఆ బడిలో చదువు, లెక్కలు, భూగోళము, సంగీతము నేర్పిరి. వానితో సమముగా నూలు వడకుట, అల్లిక, పుస్తకములకు జిల్దు కట్టుట, అచ్చుపని మొదలగు వృత్తులను నేర్పిరి. హావీ యభిప్రాయమున విద్య వేరు, వృత్తి వేరు కాదు. చదువువలన మనుష్యునకు గౌరవము కలుగును. చేతిపనివలన ఆ గౌరవము నిలుచును. 1786లో తన పద్ధతులను వివరించుచు ఆయన గ్రంథము ప్రకటించినపుడు, రాజముద్రాపకుని పర్యవేక్షణమున దానిని అచ్చువేసినవారు ఆ యంధబాలురే. ఆ సంవత్సరము డిసెంబరులో వారు వర్సేల్స్ రాజభవనమున పదునారవ లూయీ యెదుట చదివి, లెక్కలు చేసి, పాడి, పనితనము చూపిరి. సంతలో అట్టకళ్ళజోళ్ళు పెట్టుకొన్న అంధులను చూచి నవ్విన నగరమే, పదునైదేండ్లకు వీరిని చూచి విస్మయపడెను.

ఇంతలో ఫ్రాన్సు విప్లవము వచ్చెను. దాతలు చెదరిపోయిరి. 1791లో పాఠశాలను జాతి తన బాధ్యతగా స్వీకరించెను. 1795లో చేసిన శాసనమున దానికి శ్రమించు అంధుల జాతీయసంస్థ యని పేరు పెట్టిరి. ఆ పేరులోనే యొక సిద్ధాంతము కలదు. దయకు పాత్రుడైన దీనుడు, హక్కు గల శ్రామికు డాయెను. స్వాతంత్ర్యమును గోరు ప్రతి జాతియు గుర్తుంచుకొనవలసిన పరిణామమిది. కాని పేరు పెట్టినంత వేగముగా ధనము రాలేదు. కాగితపునాణెము విలువ పడిపోయిన ఆ దినములలో హావీ పిల్లల తిండికే యిక్కట్లు పడెను.

ఆయన సర్వజ్ఞుడని మేము చెప్పము. ఆయనకు సంస్థనిర్వహణమున నేర్పు తక్కువ. విప్లవకాలపు నూతన మతసంఘ మొకదానిలో ముఖ్యుడై, రాజకీయములలో తలదూర్చి శత్రువులను తెచ్చుకొనెను. నెపోలియన్ బోనపార్టు అధికారమునకు వచ్చిన పిదప, 1801లో, పొదుపు పేర పాఠశాలను ఆ పాత అంధాశ్రమముతో కలిపివేసిరి. విద్యార్థులు వృద్ధులైన ఆశ్రమవాసుల నడుమ పడిరి, చదువు సన్నగిల్లెను. 1802లో హావీని పింఛను ఇచ్చి తొలగించిరి. బడిని సత్రముతో కలిపినచో బడియే సత్రమగును గాని, సత్రము బడి కాదు. లెక్కల పుస్తకములో మిగిలిన ధనమునకు మించి మనుష్యులలో నష్టము వచ్చెను. 1815లో గాని ఆ రెండింటిని మరల విడదీయలేదు.

అరువదేండ్లకు చేరువైనను హావీ ఊరకుండలేదు. సొంతముగా మరియొక బడి పెట్టెను, అది నిలువలేదు. రష్యా చక్రవర్తి అలెగ్జాండరు ఆహ్వానింపగా 1806లో బయలుదేరి, త్రోవలో బెర్లిను నగరమున ఆగి ప్రష్యా రాజునకు తన పద్ధతిని చూపెను. ఆ సంవత్సరమే అచ్చట అంధపాఠశాల ఏర్పడెను. సెంట్ పీటర్సుబర్గునకు చేరినపుడు, రష్యాలో అంధులే లేరని అధికారులు ఆయనకు చెప్పిరని ప్రసిద్ధి. కనుపించనివారు లేనివారే యనుకొనుట అధికారులకు అన్ని దేశములందును అలవాటే. ఆయన పట్టువిడువక 1807లో అచ్చటను పాఠశాల స్థాపించి, పదేండ్లు ఆ చలిదేశమున శ్రమించెను.

1817లో వృద్ధుడై, పేదయై, చూపు మందగించి, స్వదేశమునకు తిరిగివచ్చెను. అప్పటి పాఠశాలాధ్యక్షుడు, ఆ బడిని స్థాపించిన ఆ వృద్ధునే లోపలికి రానీయలేదు. ఆయన అన్నగారి యింట తలదాచుకొనెను. 1821లో క్రొత్తగా అధ్యక్షుడైన పిన్యే ఆ తప్పును దిద్దెను. ఆ సంవత్సరము ఆగస్టులో ఆయనను సగౌరవముగా పిలిపించి, విద్యార్థులచే సంగీతసభ చేయించి సన్మానించెను. మరుసటి సంవత్సరము, 1822 మార్చిలో, హావీ పరమపదించెను.

ఆ సన్మానము జరిగిననాడు పాఠశాలలో పండ్రెండేండ్ల లూయీ బ్రెయిల్ విద్యార్థిగా నుండెను. అతడు జీనులు కుట్టువాని కుమారుడు. మూడేండ్ల వయస్సున తండ్రి పనిముట్టు తగిలి చూపు కోల్పోయినవాడు. హావీ యక్షరములు కన్నులున్నవాని యక్షరములే. ఉబ్బెత్తుగా నచ్చొత్తినవి మాత్రమే. వ్రేలితో చదువుట ఆలస్యము. చేతితో వ్రాయుట దుస్సాధ్యము. సైనికులు చీకటిలో చదువుకొనుటకు తగినదని బార్బియే అను నతడు కల్పించిన చుక్కల లిపిని ఆధారముగా గొని, బ్రెయిల్ 1824లో, తన పదునైదవ యేట, ఆరు చుక్కల లిపిని రూపొందించి, 1829లో ప్రకటించెను. గురువు తెరచిన ద్వారమున శిష్యుడు ముందునకు నడచెను. అంధులకు ఏది కావలెనో అంధులకే బాగుగా తెలియునను సత్యము కూడ దీనివలన రుజువయ్యెను. అయినను, ఆ ద్వారమే లేకున్నచో బ్రెయిల్ ఎక్కడ కూర్చుండి ఆ చుక్కలను పొడిచియుండును?

ఆ చుక్కలు మన దేశమునకును వచ్చినవి. 1887లో అమృతసరమున మిషనరీలు మొదటి అంధపాఠశాలను తెరచిరి. రెండవ ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన భారతసైనికులకు 1943లో డెహ్రాడూనున శిక్షణాలయ మేర్పడెను. 1950లో అచ్చటనే అంధవయోజనులకు వృత్తిశిక్షణకేంద్రము వెలసెను. 1951లో భారతభాషల కన్నిటికి ఒకే బ్రెయిల్ క్రమము నిర్ణయింపబడగా, మన తెలుగు అక్షరములును ఆ యారు చుక్కలలో నొదిగినవి. 2016 నాటి హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి నాలుగు అంగవైకల్యము గలవారికి ప్రత్యేకించెను. నేడు బ్యాంకులలోను, బడులలోను, కచేరీలలోను అంధులు కొలువులు చేయుచున్నారు. అయినను 2011 జనాభా లెక్కలలో అంగవైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలుండగా, వారిలో పనిచేయువారు నూటికి 36 మందియే. చట్టము ద్వారమును తెరువగలదు. ద్వారము వరకు నడిపించుట సంఘము చేయవలసిన పని.

మన గ్రామములలో భూములు గలవారును, పట్టణములలో వ్యాపారములు గలవారును దానధర్మములకు వెనుదీయువారు కారు. సత్రములు కట్టించిన చేతులే, చలివేంద్రములు పెట్టించిన చేతులే యివి. ఆ ధర్మములో నొక పాలు ఈ వైపునకు మరలింపుడని మేము కోరుచున్నాము. ఊరిలోని అంధబాలునో, కాలు లేని బాలికనో శిక్షణాలయమునకు పంపుడు. నేర్చుకొను కాలమున ఆ యింటికి తగ్గు రాబడిని పూరింపుడు. నేర్చివచ్చినవారికి మీ కొట్టులో, మీ మిల్లులో, మీ కచేరీలో పని యిండు. చేసిన పనికి పూర్తికూలి యిండు. ధనము లేనివారు వారమున కొకపూట చదివి వినిపింపవచ్చును, దరఖాస్తులు వ్రాసిపెట్టవచ్చును, శిక్షణాలయమునకు తోడుగా పోవచ్చును. వీనిలో ఏదియు హావీ చేయనిది కాదు, మనము చేయలేనిది కాదు.

ఆయన మొదటి దానము ఒక బిచ్చగాని దినకూలి మాత్రమే. ఆ కూలికి ఫలముగా నేడు ప్రపంచమున వేలకొలది బడులు నడచుచున్నవి. మెట్లమీద చాపిన చేయి మరల మన యెదుటికి వచ్చినపుడు, అందులో నేమి వేయవలెనని కాక, ఆ చేయి యేమి నేర్చుకొనగలదని యోచింతుము గాక.