సింహాన్ని మలిచిన కంసాలి బిడ్డ

ఆంత్వాన్ లూయీ బారీ 1795లో పారిస్‌లో ఒక కంసాలి ఇంట జన్మించారు. విద్యార్థిగా శిల్పకళా పోటీల్లో మొదటి బహుమతి దక్కలేదు. అయినా జంతుశాలకు వెళ్లి, చనిపోయిన జంతువులను సైతం కొలిచి, మన పిల్లలు మార్కాపురం పలకపై అక్షరాలు దిద్దినట్లు బొమ్మలు దిద్దారు. 1833లో పామును తొక్కిపట్టిన సింహాన్ని ప్లాస్టర్‌తో చేసి ప్రదర్శించారు. దాని కంచు విగ్రహం నేడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

1848లో అప్పుల పాలై ప్లాస్టర్ నమూనాలు పోగొట్టుకున్నారు. కంచు బొమ్మలన్నీ ఆ నమూనాల నుంచే పోతపోయాలి. రైతుకు విత్తనం పోయినట్లే! కానీ చేతిలోని విద్య పోలేదు. 1854లో పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో చిత్రలేఖన గురువయ్యారు. ప్రఖ్యాత శిల్పి రోడిన్ ఆయన శిష్యుడే. బారీ 1875లో కన్నుమూశారు.

మిత్రులారా! మన ఇళ్లకూ అప్పులు తెలుసు. నేర్చిన విద్యను మాత్రం ఏ అప్పూ జప్తు చేయలేదు.