వంకర కాళ్లతో ప్రపంచాన్ని గెలిచిన గారించా

ఫుట్‌బాల్‌లో అందరికంటే గొప్ప ఆటగాడు ఎవరు? ఈ ప్రశ్న మీద మన హాస్టల్‌లో జరిగినన్ని వాదనలు మరే ప్రశ్న మీదా జరిగి ఉండవు. మెస్‌లో ప్లేటు పట్టుకుని క్యూలో నిలబడినప్పుడు మొదలయ్యే వాదన రాత్రి లైట్లు ఆర్పేశాక దుప్పట్లలోంచి కూడా సాగుతుంది. ఒక గది పీలే అంటుంది. పక్క గది మారడోనా అంటుంది. జూనియర్ తమ్ముళ్లయితే మెస్సి, రొనాల్డో తప్ప మూడో పేరు వినిపించుకోరు.

ఎవరి లెక్క వారికుంది. పీలే ఆడిన బ్రెజిల్ 1958, 1962, 1970లలో మూడుసార్లు ప్రపంచకప్ గెలిచింది. మారడోనా 1986లో అర్జెంటీనాను తన భుజాల మీద మోసి కప్పు తెచ్చాడు. మెస్సి 2022లో అదే దేశానికి మళ్లీ కప్పు తెచ్చాడు, ఎనిమిదిసార్లు బాలన్ డి ఓర్ అందుకున్నాడు. 2000లో ఫిఫా సంస్థే ఈ తగువు తీర్చలేక శతాబ్దపు ఆటగాడి గౌరవాన్ని పీలేకి, మారడోనాకి చెరొకటి ఇచ్చి చేతులు దులుపుకుంది. ఇక మన వల్ల ఏమవుతుంది?

అయితే మిత్రులారా, ఈ వాదనల్లో ఎప్పుడూ వినపడని ఒక పేరు ఉంది. బ్రెజిల్ తరఫున 50 అధికారిక మ్యాచ్‌లు ఆడి కేవలం 12 గోల్స్ కొట్టిన ఆటగాడి పేరు అది. గోల్స్ లెక్కపెట్టే పోటీలో అతనికి చివరి బెంచీ కూడా దొరకదు. అయినా ఈ వార్షికోత్సవ సంచికలో మేము అతని గురించే రాయాలనుకున్నాం. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది. అతని పేరు గారించా.

మిల్లు ఊరి పిల్లాడు

గారించా అసలు పేరు మనుయెల్ ఫ్రాన్సిస్కో దోస్ సాంటోస్. 1933 అక్టోబరులో బ్రెజిల్‌లోని రియో డి జనీరో రాష్ట్రంలో, పావ్ గ్రాండే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆ ఊరికి బట్టల మిల్లే దిక్కు. పని మిల్లులోనే, ఇల్లు మిల్లుదే. తండ్రి అమారో ఆ మిల్లులో కాపలాదారు. బ్రెజిల్‌లో బానిసత్వం 1888 దాకా చట్టబద్ధంగానే సాగింది. గారించా పూర్వీకుల్లో ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన నల్లవారూ, ఆ నేల మీద మొదటి నుంచీ బతికిన ఆదివాసులూ ఉన్నారని అతని జీవితచరిత్ర రాసినవారు చెప్పారు.

గారించా అంటే అక్కడి ఒక చిన్న పిట్ట పేరు. పిల్లాడు అంత చిన్నగా ఉండేవాడు కనుక అక్క రోజా ఆ పేరు పెట్టింది. పుట్టుకతోనే కాళ్లు వంకర. ఒక కాలు లోపలికి వంగితే, ఇంకో కాలు బయటికి వంగింది. పైగా ఒకటి రెండోదానికంటే ఆరు సెంటీమీటర్లు పొట్టి. అలాంటి కాళ్లున్న పిల్లాణ్ని మన ఊళ్లలో ఏమని పిలుస్తారో అందరికీ తెలుసు. ఆ పిల్లాడు మాత్రం ఏమీ పట్టించుకోకుండా చేపలు పట్టుకుంటూ, పిట్టల వెంట తిరుగుతూ, బంతి ఆడుతూ పెరిగాడు.

పద్నాలుగో ఏట అదే మిల్లులో పనికి చేరాడు. పనిలో చురుకుదనం లేదు, కానీ మిల్లు జట్టులో అతను ఉంటే గెలుపు ఖాయం. అందుకే ఉద్యోగం నిలబడిందని చెబుతారు. రియోలోని పెద్ద క్లబ్బులకు వెళ్లి ప్రయత్నించకపోలేదు. ఒక క్లబ్బు బూట్లు తెచ్చుకోలేదని తిప్పి పంపింది. ఇంకో క్లబ్బులో తన వంతు వచ్చేసరికి పొద్దుపోయి, చివరి రైలు తప్పిపోతుందని మధ్యలోనే వచ్చేశాడు. బూట్లు లేక, బండి దొరకక ఆగిపోవడం అంటే ఏమిటో ఈ సంచిక చదివేవారికి వివరించి చెప్పనక్కర్లేదు.

ఒక్క పెద్దమనసు

1953లో బొటాఫోగో క్లబ్బు సెలక్షన్లకు వెళ్లాడు గారించా. అప్పటికి అతనికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. అతనికి ఎదురుగా నిలబెట్టింది ఎవరినో తెలుసా? నిల్టన్ సాంటోస్‌ని. బ్రెజిల్ జాతీయ జట్టు డిఫెండర్, దేశం మొత్తానికి తెలిసిన మనిషి. వంకర కాళ్ల కుర్రాడు బంతితో వచ్చి, ఆ పెద్ద ఆటగాడి రెండు కాళ్ల సందులోంచి బంతిని తోసి దాటిపోయాడు.

అందరి ముందూ పరువు పోయిందని నిల్టన్ సాంటోస్ కోపం తెచ్చుకోలేదు. ఈ కుర్రాణ్ని వెంటనే తీసుకోమని, ఇతను ఎదుటి జట్టులో ఉంటే తనకే కష్టమని క్లబ్బు వారికి చెప్పాడు. తరువాత ఇద్దరూ కలిసి రెండు ప్రపంచకప్‌లు గెలిచారు. గారించా గొప్పతనంలో ఆ రోజు నిల్టన్ సాంటోస్ చూపిన పెద్దమనసుకి కూడా వాటా ఉందని మా అభిప్రాయం. తనను ఓడించిన జూనియర్‌ని మెచ్చుకోగల సీనియర్ ప్రతి హాస్టల్‌లోనూ ఒక్కడుంటే చాలు.

అతని ఆట చూడటానికి చాలా సులువు, ఆపడానికి చాలా కష్టం. కుడి వైపు గీత దగ్గర బంతి పెట్టుకుని నిలబడతాడు. ఒంటిని ఎడమకి ఊపుతాడు. డిఫెండర్ అటు ఒరుగుతాడు. గారించా కుడికి దూసుకుపోతాడు. ప్రతిసారీ కుడికే పోతాడని అందరికీ తెలుసు. అయినా ప్రతిసారీ మోసపోయేవారు. కాళ్లు రెండూ ఒకే వైపు వంగి ఉండటంతో అతని ఒంటి బరువు ఎటు వాలుతుందో ఎదుటివాడికి అంతు చిక్కేది కాదు. ఏ కాళ్లను చూసి లోకం లోపమందో ఆ కాళ్లే అతనికి ఆయుధమయ్యాయి.

123కి 38 మార్కులు

1958 ప్రపంచకప్‌కు ముందు బ్రెజిల్ జట్టుకు ఒక మనస్తత్వ నిపుణుడు పరీక్షలు పెట్టాడు. గారించాకు 123కి 38 మార్కులు వచ్చాయి. బస్సు డ్రైవరు ఉద్యోగానికి కావలసిన మార్కుల కంటే అవి తక్కువ. ఇతను పెద్ద మ్యాచ్‌ల ఒత్తిడికి తట్టుకోలేడని, జట్టులో పెట్టవద్దని ఆ నిపుణుడు సలహా ఇచ్చాడు. అదే నివేదికలో పదిహేడేళ్ల పీలే కూడా ఇంకా చిన్నపిల్లాడని, పనికిరాడని ఉంది. కోచ్ విసెంటె ఫియోలా ఆ నివేదికను పక్కన పెట్టాడు.

స్వీడన్‌లో మొదటి రెండు మ్యాచ్‌లలో ఇద్దరూ ఆడలేదు. జూన్ 15న సోవియట్ యూనియన్‌తో మూడో మ్యాచ్‌లో ఇద్దరినీ దించారు. అవతలి గోల్‌కీపర్ లెవ్ యాషిన్. ఆట మొదలైన మూడు నిమిషాల్లో గారించా కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలింది, పీలే కొట్టింది పై కర్రకు తగిలింది, వావా గోల్ కొట్టేశాడు. బ్రెజిల్ 2-0తో గెలిచింది. ఫైనల్లో స్వీడన్ మొదట గోల్ కొట్టి ఆధిక్యంలోకి వెళితే, కుడివైపు నుంచి గారించా రెండుసార్లు బంతి అందించాడు, రెండుసార్లూ వావా గోల్ చేశాడు. చివరికి 5-2. బ్రెజిల్‌కి అదే తొలి ప్రపంచకప్. పీలే, గారించా కలిసి ఆడిన ఏ మ్యాచ్‌లోనూ బ్రెజిల్ ఓడిపోలేదు. ఈ ఒక్క వాక్యం చాలామందికి తెలియదు.

1962లో చిలీలో కథ ఇంకా గొప్పది. రెండో మ్యాచ్‌లోనే పీలే గాయపడి టోర్నీకి దూరమయ్యాడు. ఇక బ్రెజిల్ పని అయిపోయిందన్నారు. అప్పుడు గారించా లేచాడు. క్వార్టర్ ఫైనల్లో ఇంగ్లాండ్ మీద రెండు గోల్స్. అందులో ఒకటి తల మీదుగా. తనకంటే పొడుగైన ఇంగ్లీషు డిఫెండర్ల మధ్య ఎగిరి కొట్టాడు. ఆ మ్యాచ్‌లో ఒక కుక్క మైదానంలోకి వచ్చి గారించాను కూడా తప్పించుకుని పరుగెత్తింది. చివరికి ఇంగ్లాండ్ ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ పాకుతూ వెళ్లి పట్టుకున్నాడు. సెమీఫైనల్లో ఆతిథ్య జట్టు చిలీ మీద మరో రెండు గోల్స్. ఆ మ్యాచ్‌లోనే, తనను పదే పదే తన్నుతున్నారన్న కోపంతో ఎదుటి ఆటగాణ్ని తన్ని మైదానం బయటికి పంపబడ్డాడు. అయినా ఫైనల్ ఆడేందుకు అనుమతి దొరికింది. అది న్యాయమా అన్న చర్చ తరువాత కూడా సాగింది. జ్వరంతోనే ఫైనల్ ఆడాడు. చెకోస్లొవేకియా మీద 3-1తో కప్పు మళ్లీ బ్రెజిల్‌దే. నాలుగేసి గోల్స్‌తో అత్యధిక గోల్స్ కొట్టిన ఆరుగురిలో అతనొకడు. ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడూ అతనే.

బ్రెజిల్ ప్రజలు అతనికి పెట్టుకున్న బిరుదు ప్రజల ఆనందం. రాజు అనలేదు, చక్రవర్తి అనలేదు. రాజును దూరం నుంచి చూస్తాం. ఆనందం అయితే మన ఇంట్లోకే వస్తుంది.

ఖాళీ కాగితం మీద సంతకం

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కథ. కానీ నిజం ఇక్కడితో ఆగదు.

గారించా క్లబ్బుతో ఒప్పందం చేసుకునేటప్పుడు ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టేవాడు. జీతం ఎంతో తరువాత యాజమాన్యమే రాసుకునేది. క్లబ్బు దేశదేశాలు తిరిగి ప్రదర్శన మ్యాచ్‌లు ఆడేది. గారించా దిగితే క్లబ్బుకు వచ్చే సొమ్ము ఎక్కువ. మోకాలి కీలు అరిగిపోతున్నా ఇంజెక్షన్లు పొడిపించుకుని ఆడాడు. 1964లో ఆపరేషన్ అయింది. ఆ తరువాత పాత వేగం తిరిగి రాలేదు. 1966లో క్లబ్బు అతన్ని అమ్మేసింది. ఆ ఏడాది ఇంగ్లాండ్‌లో జరిగిన ప్రపంచకప్‌లో బల్గేరియా మీద ఒక ఫ్రీ కిక్ గోల్ కొట్టాడు. తరువాతి మ్యాచ్‌లో హంగరీ చేతిలో బ్రెజిల్ 1-3తో ఓడింది. జాతీయ జట్టులో అతను ఆడి ఓడిన మ్యాచ్ అదొక్కటే, అతని ఆఖరి మ్యాచ్ కూడా అదే.

అన్నిటికంటే పెద్ద ప్రత్యర్థి తాగుడు. తండ్రికీ ఉన్న అలవాటే. చెరకు సారా చిన్నతనం నుంచే అతని వెంట ఉంది. ప్రపంచంలో ఏ డిఫెండరూ ఆపలేని మనిషిని సీసా ఆపింది.

ఇంకొన్ని విషయాలు దాచకుండా చెప్పాలి. మిల్లులో పనిచేసే నాయిర్‌ని పెళ్లాడి, ఎనిమిదిమంది ఆడపిల్లల్ని కని, ఆ కుటుంబాన్ని వదిలేసి గాయని ఎల్జా సోరెస్‌తో వెళ్లిపోయాడు. మురికివాడలో పుట్టి స్వశక్తితో పైకొచ్చిన గొప్ప గాయని ఆమె. జనం అతన్ని వదిలేసి ఆమెనే తిట్టారు. 1969లో అతను నడుపుతున్న కారు లారీని ఢీకొని ఎల్జా తల్లి చనిపోయింది. తాగిన మైకంలో ఎల్జా మీద చేయి చేసుకున్నాడు. 1977లో ఆమె విడిపోయింది. మైదానంలో లక్షలమందిని నవ్వించినవాడు ఇంట్లోవాళ్లను ఏడిపించాడు. గొప్ప ఆటగాడు కదా అని ఆ కన్నీళ్లను మేము లెక్కలోంచి తీసేయలేం.

1973 డిసెంబరులో మరకానా స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ పెడితే లక్షమందికి పైగా వచ్చారు. 1983 జనవరి 20న, 49 ఏళ్ల వయసులో, కాలేయం చెడిపోయి రియోలోని ఆసుపత్రిలో చనిపోయాడు. మరకానా నుంచి సొంత ఊరి దాకా దారి పొడవునా జనం నిలబడ్డారు. తరువాత రాజధాని బ్రసీలియాలోని పెద్ద స్టేడియానికి అతని పేరు పెట్టారు. 2014 ప్రపంచకప్ మ్యాచ్‌లు అందులో జరిగాయి. కానీ 2017లో, అతని అస్థికలు ఎక్కడున్నాయో శ్మశానం వారికే సరిగా తెలియదన్న వార్త వచ్చింది. ఎల్జా సోరెస్ 2022లో, సరిగ్గా అదే జనవరి 20న కన్నుమూసింది.

మరి ఎవరు గొప్ప?

1998లో ఇరవయ్యో శతాబ్దపు ప్రపంచ జట్టును ఎంపిక చేసినప్పుడు పీలే, మారడోనాల పక్కన గారించాకూ చోటిచ్చారు. కాబట్టి ఇకమీదట మన వాదనల్లో కూడా అతనికి ఒక కుర్చీ వేయాలని మా మనవి. నెంబర్ వన్ అని మేము తీర్పు చెప్పం. గోల్స్‌తో కొలిస్తే పీలే, ఒక్కడే జట్టును మోయడంతో కొలిస్తే మారడోనా, ఎన్నేళ్లు నిలిచాడన్నదానితో కొలిస్తే మెస్సి. ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చాడన్నదానితో కొలిస్తే మాత్రం గారించాకు సాటి వచ్చేవారు తక్కువ.

అయితే మేము ఈ జీవితం చదివింది ర్యాంకు కోసం కాదు. 123కి 38 వచ్చినవాడు ప్రపంచాన్ని గెలిచాడు కదా, మనకు మార్కులెందుకని కొందరు తమ్ముళ్లు అనవచ్చు. మేము దానికి ఒప్పుకోం. పరీక్ష అతన్ని తప్పుగా కొలిచిన మాట నిజమే. కానీ కాగితం చదవకుండా సంతకం పెట్టడమే అతన్ని ముంచిన మాట కూడా అంతే నిజం. మన ఇళ్లలో తాతలు, నాన్నలు ఏమి రాసి ఉందో తెలియకుండా వేలిముద్ర వేసిన కాగితాలు మనకు కొత్తవి కావు. ఆ వేలిముద్ర మన తరంతో ఆగిపోవాలనే మనల్ని ఇక్కడికి పంపారు.

ఈ ఏడాది హాస్టల్ విడిచి వెళ్తున్న తమ్ముళ్లూ, మీలో ఎవరు ఏ ఆటగాడి అభిమానులైనా సరే, బంతి వస్తే గారించాలా ఆడండి. సీసా వస్తే పక్కకు తన్నండి. కాగితం వస్తే చివరి గీత దాకా చదివి, అప్పుడు సంతకం పెట్టండి.