పూటకూటి ఇంటికీ చరిత్రలో చోటిచ్చిన సురవరం

మల్దకల్: మహానగరానికి వెళ్లిన బాటసారికి మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందన్నది కూడా చరిత్రేనని చాటిన మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి. ఆయన 1896 మే 28న గద్వాల ప్రాంతంలోని బోరవెల్లిలో జన్మించారు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు నిర్వహించారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. రాజుల యుద్ధాలకు బదులు ప్రజల తిండీ బట్టా, ఆటపాటలే విషయంగా ఆంధ్రుల సాంఘిక చరిత్ర రచించారు. కాకతీయుల ఓరుగల్లులోని పూటకూటి ఇళ్లను క్రీడాభిరామం ఆధారంగా అందులో పరిచయం చేశారు. రూక చెల్లిస్తే అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు వడ్డించేవారని ఆ కావ్యం తెలుపుతోంది. సురవరం 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ గ్రంథానికే దక్కింది. అందుకొనేందుకు ఆయన లేరు.