లియోన్ ఫూకో

జాన్ బెర్నార్ లియోన్ ఫూకో (సెప్టెంబరు 18, 1819 - ఫిబ్రవరి 11, 1868) ఫ్రాన్సు దేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని లోలకంతో కంటికి కనిపించేటట్లు చూపినవాడుగా ప్రసిద్ధుడు. నేటి కార్లు జారి అదుపు తప్పకుండా కాపాడే ఎలక్ట్రానిక్ స్థిరత్వ వ్యవస్థలోని ముఖ్యమైన సెన్సరుకు మూలం కూడా ఈయన పరిశీలనలోనే ఉన్నది. ఈ సంగతి పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించదు.

బాల్యం, విద్య

ఫూకో పారిస్ నగరంలో ఒక పుస్తక ప్రచురణకర్త ఇంట జన్మించాడు. అనారోగ్యం వలన బాల్యంలో చదువు ఎక్కువగా ఇంటివద్దనే సాగింది. వైద్యవిద్యలో చేరి, రక్తాన్ని చూసి తట్టుకోలేక మానివేశాడు. ఉన్నత గణితంలో శిక్షణ లేదు. చేతిపనిలో నేర్పు మాత్రం అసాధారణం. 1845లో ఫిజోతో కలిసి సూర్యుని ఛాయాచిత్రం తీశాడు.

లోలకం, గైరోస్కోపు

ఒకసారి ఫూకో లేతు యంత్రానికి సన్నని ఉక్కు కడ్డీని బిగించి, దానిని మీటి కంపింపజేశాడు. యంత్రాన్ని చేతితో త్రిప్పినా కడ్డీ కంపించే దిశ మారలేదు. ఆధారం తిరుగుతున్నా కంపనం తన దిశను వదలదని గ్రహించి, భూమినే ఆ తిరిగే ఆధారంగా భావించాడు. 1851లో పారిస్‌లోని పాంథియోన్ భవనంలో 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండును వ్రేలాడదీశాడు. విడిచేటప్పుడు చేయి తగిలితే ప్రయోగం చెడుతుంది. అందుచేత గుండును దారంతో ప్రక్కకు లాగి కట్టి, ఆ దారాన్ని కాల్చేవారు. ఊగే తలం గంటకు సుమారు 11 డిగ్రీల చొప్పున తిరిగింది. అదే లోలకం హైదరాబాదులో ఒక చుట్టు తిరగడానికి సుమారు 80 గంటలు పడుతుంది. ఎందుకో విద్యార్థులు అక్షాంశాన్ని బట్టి లెక్కించి చూడవచ్చు. 1852లో ఫూకో తయారుచేసిన పరికరానికి గైరోస్కోపు అని పేరు పెట్టాడు.

కారులో ఈ సూత్రం

వేగంగా మలుపు తిరిగే కారు డ్రైవరు కోరినంతే తిరుగుతున్నదా, లేక జారుతున్నదా అన్నది చక్రాల వేగాన్ని బట్టి మాత్రమే పూర్తిగా తెలియదు. అందుకు కారులో ఒక చిన్న కంపించే సెన్సరును అమరుస్తారు. కారు తిరిగినప్పుడు కంపించే భాగం తన దిశను నిలుపుకోజూస్తుంది. దానివలన కలిగే స్వల్పమైన ప్రక్క కదలికను కొలిచి కారు తిరిగే వేగాన్ని తెలుసుకొంటారు. 1835లో కోరియోలిస్ వివరించిన బలమే ఇది. కంప్యూటరు ఈ వేగాన్ని స్టీరింగు కోణంతో పోల్చుతుంది. వెనుక చక్రాలు బయటకు జారితే మలుపు వెలుపలి వైపున్న ముందు చక్రానికి, ముందు చక్రాలు జారితే లోపలి వైపున్న వెనుక చక్రానికి ప్రధానంగా బ్రేకు వేసి, అవసరమైతే ఇంజను శక్తిని తగ్గిస్తుంది. టైర్లకు పట్టు పూర్తిగా పోయినచోట ఇది కూడా ఏమీ చేయలేదు. 1995లో మెర్సిడెస్ ఎస్-క్లాసు కారులో బాష్ సంస్థ రూపొందించిన ఇటువంటి వ్యవస్థను ప్రవేశపెట్టారు. ఐరోపా సమాఖ్యలో 2014 నుండి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి అయింది.

ఇతర కృషి, మరణం

నీటిలో కాంతి వేగం గాలిలో కంటే తక్కువని 1850లో చూపాడు. 1862లో కాంతి వేగాన్ని సెకనుకు 298,000 కిలోమీటర్లుగా కొలిచాడు. 1855లో గుర్తించిన సుడి విద్యుత్ప్రవాహాలు బరువైన బస్సులు, లారీలను నెమ్మదింపజేసే కొన్ని రకాల పరికరాలలో ఉపయోగపడుతున్నాయి. అదే సంవత్సరం లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. స్వదేశపు సైన్సు అకాడమీలో మాత్రం లోలకం చూపిన 14 సంవత్సరాల తరువాత, 1865లో గాని స్థానం లభించలేదు. ఆ తరువాత సుమారు మూడేళ్ళకే పక్షవాతంతో 48వ ఏట మరణించాడు. ఈఫిల్ టవరుపై చెక్కిన 72 మంది పేర్లలో ఫూకో పేరు ఉన్నది.