సూర్యకాంతం: ఎవరూ పెట్టుకోని పేరు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంఘం మిత్రులు ఫోన్ చేశారు. మాస్టార్ల గురించి, పాత బిల్డింగు గురించి, వేపచెట్టు గురించి రాసేవాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి నేను నా అభిమాన నటి గురించి రాస్తానన్నాను. సావిత్రి గురించా, జమున గురించా అని అడిగారు. సూర్యకాంతం గారి గురించి అనేసరికి అవతల పక్క పెద్ద నవ్వు. ఆ నవ్వు నాకు అలవాటే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఆ పేరు చెబితే మనవాళ్ళు నవ్వుతారు, లేదా మొహం చిట్లిస్తారు.

మన హాజరు పట్టీ గుర్తు చేసుకోండి. సావిత్రులు, జానకులు, అన్నపూర్ణలు, ఒక్కో క్లాసులో ముగ్గురేసి లక్ష్ములు. సూర్యకాంతం మాత్రం ఏ సెక్షన్లోనూ లేదు. నిజానికి ఎంత మంచి పేరు! ఎండ తగిలితే నిప్పు పుట్టించే మణి అని అర్థం. అలాంటి పేరుని తెలుగు తల్లిదండ్రులు తమ ఆడపిల్లలకి పెట్టడం మానేశారంటే, దానికి కారణం ఒక్క మనిషి నటన. అవార్డులు చాలామందికి వస్తాయి. ఒక పేరుని వాడుకలోంచి తప్పించేసిన నటి ఇంకొకరు నాకు కనబడలేదు.

ఆవిడ పుట్టింది 1924 అక్టోబరు 28న, కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో. చిన్నప్పుడే పాట, ఆట నేర్చుకున్నారు. సినిమాల మోజుతో మద్రాసు చేరారు. మొదట్లో దక్కినవి 'నారద నారది' (1946)లో చిన్న వేషం, జెమిని వారి 'చంద్రలేఖ' (1948)లో గుంపులో డాన్సు లాంటివే. అందరిలాగే ఆవిడా కథానాయిక కావాలనే వెళ్ళారు. ఆ అవకాశం చేతిదాకా వచ్చిందనీ, కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగలడంతో చేజారిందనీ చెబుతారు. 1950లో ఎల్.వి. ప్రసాద్ గారి 'సంసారం'లో గయ్యాళి వేషం వచ్చింది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు. ఆ వయసులో కట్టిన ఆ వేషాన్ని జనం మళ్ళీ విప్పనివ్వలేదు.

వయసుల లెక్క ఒకటి చెప్పాలి, ఇంజనీరుని కాబట్టి అంకెలు చూడకుండా ఉండలేను. 'మాయాబజార్'లో ఆవిడ కొడుకు ఘటోత్కచుడిగా వేసిన ఎస్.వి. రంగారావు ఆవిడకంటే ఆరేళ్ళు పెద్ద. 'గుండమ్మ కథ'లో ఇద్దరల్లుళ్ళూ అత్తగారికంటే పెద్దవాళ్ళే. ఎన్.టి. రామారావు 1923 మేలో పుట్టారు, అక్కినేని 1924 సెప్టెంబరులో. అంటే చిన్నల్లుడు అత్తగారికంటే నెల రోజులు ముందు పుట్టాడన్నమాట! తెరమీద చూస్తున్నప్పుడు ఈ అనుమానం ఎవరికైనా వచ్చిందా? నాకైతే ఈ తేదీలు తెలిశాక కూడా రాలేదు. నెత్తిమీద తెల్ల రంగు పూసుకుంటే వచ్చే పెద్దరికం కాదది. నడకలో, కూర్చునే తీరులో, కొంగు లాగి బొడ్లో దోపుకోవడంలో ఉన్న పెద్దరికం.

ఎడమ చెయ్యి సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఆవిడది పుట్టుకతో ఎడమచేతి వాటం. ఆ రోజుల్లో ఎడమచేత్తో పలక పట్టుకుంటే బడిలో బెత్తం దెబ్బ పడేది. ఆవిడ మాత్రం ఆ చేతినే ఆయుధం చేసుకున్నారు. ఎడమ చెయ్యి ఒక్కసారి విసిరారంటే, నోట్లోంచి మాట రాకముందే ఎదుటివాడి పరువు పోయినట్టే.

అయితే ఆవిడ గొప్ప అరవడంలో ఉందనుకుంటే పొరపాటు. అరిచేవాళ్ళు చాలామంది వచ్చారు, పోయారు. 1957లో వచ్చిన రెండు సినిమాలు పక్కపక్కన పెట్టి చూడండి. అన్నపూర్ణా వారి 'తోడికోడళ్ళు' శరత్ నవల నుంచి తీసిన కథ. అందులో ఆవిడ రేలంగి భార్య అనసూయ. కన్నాంబ, సావిత్రి కలిసి నిలబెట్టుకున్న ఉమ్మడి కాపురంలోకి వచ్చి దాన్ని ముక్కలు చేస్తుంది. అదే ఏడాది కె.వి. రెడ్డి గారి 'మాయాబజార్'లో ఆవిడ హిడింబి. అడివిలోకి అభిమన్యుడితో వచ్చిన సుభద్రను ఆదరించే ఇల్లాలు. వరస చూస్తే సుభద్ర కూడా హిడింబికి తోడికోడలే! ఒకే సంవత్సరంలో ఒక తోడికోడలిగా ఇల్లు కూల్చారు, ఇంకో తోడికోడలిగా దిక్కులేనివాళ్ళకి నీడ ఇచ్చారు. రాక్షసి వేషంలో అంత దయ, మనిషి వేషంలో అంత కర్కశత్వం. రెండూ నమ్మించారు. మనం మాత్రం రెండోదాన్నే గుర్తుపెట్టుకున్నాం.

ఇక 'గుండమ్మ కథ'. 1962, విజయా వారి సినిమా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, డి.వి. నరసరాజు మాటలు. రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు అందరూ ఉన్న సినిమాకి గయ్యాళి పాత్ర పేరు పెట్టారు. తెలుగులో అలాంటిది ఇంకోటి చెప్పమంటే నేను తడుముకుంటాను. ఆ సినిమా నేను మొదటిసారి చూసింది మన బడి రోజుల్లోనే, ఊరి చివర డేరా టాకీసులో. నేల టిక్కెట్టు. ఆడవాళ్ళ వైపు నుంచి మెటికలు విరుస్తున్న చప్పుడు, శాపనార్థాలు. సవతి కూతురు లక్ష్మి చేత చాకిరీ చేయిస్తున్నంతసేపూ డేరా మొత్తం గుండమ్మని తిడుతూనే ఉంది.

నన్ను తీసుకెళ్ళింది మా మేనత్త. చిన్న వయసులోనే భర్త పోయి, పొలం, పాడి, అప్పులు అన్నీ ఒంటి చేత్తో చూసుకున్న మనిషి. ఊళ్ళో ఆవిడకి నోరు పెద్దదన్న పేరు. పాలేర్ల దగ్గర్నుంచి కరణం దాకా ఆవిడంటే జంకు. సినిమాలో దుర్గమ్మ (ఛాయాదేవి) వచ్చి పెత్తనం లాక్కుని, గుండమ్మని సొంతింట్లోనే నోరెత్తనివ్వకుండా చేస్తుంది చూశారా, అక్కడ డేరా అంతా చప్పట్లు కొట్టింది. తగిన శాస్తి జరిగిందని ఈలలు వేశారు. మా అత్త మాత్రం కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళేదాకా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు.

తర్వాత ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ప్రతిసారీ మా అత్త చూసిన గుండమ్మనే చూస్తున్నాను. భర్త లేడు, కొడుకు ప్రయోజకుడు కాదు, చుట్టూ ఘంటయ్యలాంటి సలహాదార్లు. ఎవరు ఏం ఎత్తుకుపోతారోనన్న భయం ఆవిడకి ప్రతి నిమిషం ఉంటుంది. ఆ భయమే గొంతులో పెత్తనంగా పలుకుతుంది. సూర్యకాంతం గారు కేకలు వేస్తున్నప్పుడు కళ్ళు చూడండి, ఎదుటివాడు తన మాట వింటాడో వినడోనన్న బెదురు ఒక్క క్షణం మెరిసి పోతుంది. అంజి పనివాడిలా వచ్చి కాస్త ఆప్యాయంగా పలకరించగానే ఆవిడ ఇట్టే మెత్తబడిపోవడం కూడా అందుకే అతకనట్టు ఉండదు. మా వృత్తిలో ఇంట్లో ఏ గోడ తియ్యొచ్చో, ఏ గోడ బరువు మోస్తోందో ముందు చూస్తాం. ఆ సినిమాలో బరువు మోసే గోడ గుండమ్మే.

బయట ఆవిడ ఎలాంటి మనిషో ఆ తరం వాళ్ళందరూ ఒకే మాట చెప్పారు. షూటింగుకి ఇంటి నుంచి క్యారియర్లు తెచ్చి, సెట్లో ఉన్నవాళ్ళకి కొసరి కొసరి పెట్టేవారట. డబ్బు దగ్గర మాత్రం లెక్క లెక్కే. రావలసింది వచ్చేదాకా వదిలేవారు కారట. అది కూడా నాకు నచ్చిన గుణమే. న్యాయమూర్తి పెద్దిభొట్ల చలపతిరావు గారిని పెళ్ళి చేసుకున్నారు. పిల్లలు లేరు, అక్క కొడుకుని పెంచుకున్నారు. తెరమీద ఇన్ని వందల కాపురాల్లో నిప్పులు పోసినావిడ ఇంట్లో అందరికీ వడ్డించాకే తినే మనిషి. పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1994 డిసెంబరులో మద్రాసులో కన్నుమూశారు.

2010లో 'మాయాబజార్' రంగులు అద్దుకుని మళ్ళీ విడుదలైనప్పుడు మా అమ్మాయిని తీసుకెళ్ళాను. సూర్యకాంతం పోయాక పుట్టిన పిల్ల. ఆ పేరు చెబితే నవ్వాలని కూడా దానికి తెలియదు. హిడింబిగా వేసినావిడ ఎవరు, చాలా బాగుంది అని అడిగింది. పేరు చెప్పాను. మర్నాడు ఇంట్లో 'గుండమ్మ కథ' పెడితే, ఇద్దరూ ఒకరేనంటే అరగంటసేపు ఒప్పుకోలేదు. చివరికి సీడీ ఆపించి, ఆ ఎడమ చెయ్యి చూసి నమ్మింది.