సర్ సాలార్‌జంగు: రాజ్యాధికారము, దాని హద్దులు

ఒక రాజ్యము పరుల యాజ్ఞకు లోబడక తన ప్రజలను తానే పాలించుకొనుటయే సార్వభౌమత్వమని చరిత్ర పాఠములలో చదువుచున్నాము. అది యెట్లు చేజారునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. మన మల్కాజ్‌గిరికి చేరువనున్న సికిందరాబాదులో ఒకప్పుడు భూమి నిజాముది, విడిసిన దండు ఇంగ్లీషువారిది. ఆ దండు వ్యయమునకై నిజాము 1800లో దత్తమండలములనే యిచ్చివేసెను. ఇట్టి రాజ్యమునకు ముప్పది సంవత్సరములు దివానుగా నుండినవారు మొదటి సాలార్‌జంగుగారు.

మీర్ తురాబ్ అలీఖానను పేరుగల ఆయన 1829లో జన్మించిరి. కంటింజెంటను మఱియొక సైన్యపు జీతముల బాకీ పెరుగగా, నిజాము 1853 మే నెలలో సారవంతమైన బేరారును కుంపిణీవారి వశము చేసెను. కొన్ని దినములకే దివానుగానుండిన పినతండ్రి మరణింపగా, ఇరువదినాలుగేండ్ల యువకుని భుజములపై ఆ భారము పడెను.

ఋణమే రాజ్యమును గోయు కత్తియని ఆయన గ్రహించిరి. పన్నుల వసూలును గుత్తకిచ్చు పద్ధతిని మాన్పి, జీతములుగల యుద్యోగులను నియమించిరి. 1865లో జిల్లాల నేర్పరచి, న్యాయస్థానములను, పోలీసును, పాఠశాలలను వృద్ధిచేసిరి. 1874లో సికిందరాబాదునకు రైలు వచ్చెను.

1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను మొదలగువారు రెసిడెన్సీపై బడినప్పుడు ఆయన ఇంగ్లీషువారి పక్షము వహించిరి. రాజ్యము నిలిచెను, కాని అది దేశద్రోహమని తలచినవారు పెక్కుమంది. ఈ నిర్ణయమునుగూర్చి నేటికిని ఏకాభిప్రాయము లేదు. 1860లో రాయచూరు మున్నగు ప్రాంతములు తిరిగివచ్చెను, ఋణము మాఫీయయ్యెను, బేరారు మాత్రము రాలేదు.

దానికొఱకు 1876లో ఆయన లండను వెళ్లిరి. ఆ ప్రయాణమున ఇటలీలో కొనిన ముసుగు ధరించిన రిబ్కా పాలరాతి విగ్రహమును మన విద్యార్థులు సాలార్‌జంగు మ్యూజియమున చూచియుందురు. రిబ్కా హైదరాబాదు చేరెను, బేరారు చేరలేదు. నిజాము మీర్ మహబూబ్ అలీఖాను బాలుడు గనుక ఆయన యుక్తవయస్కుడగువఱకు ఆ విషయము విచారింపబడదని ప్రత్యుత్తరము వచ్చెను. 1883 ఫిబ్రవరి 8న దివానుగారు కలరాచే మరణించిరి. మఱుసటి యేడే నిజామునకు అధికారము లభించెను. 1902లో బేరారు శాశ్వతపు కౌలుగా ఇంగ్లీషువారికే పోయెను. ఏడవ నిజాము మరల కోరగా, 1926లో వైస్రాయి రీడింగు ప్రభువు ఇంగ్లీషు ప్రభుత్వాధికారమునకు మించినది హిందూదేశమున లేదని తెలియజేసెను. ఆ యధికారము సైతము 1947లో అంతరించెను. నిజాము ప్రభుత్వము 1948లో ముగిసెను.

విద్యార్థులారా, సంధిపత్రములలో వ్రాయబడిన యధికారము బలవంతుని యిష్టమునుబట్టి మాఱుచుండునని ఈ జీవితము మనకు తెలుపుచున్నది. నీతిగల పాలన సయితము పోయిన భూమిని తిరిగి తేజాలకపోయెను. అయినను అది ప్రజలకు న్యాయమును, విద్యను ఇచ్చెను. ఏ యధికారమైనను దేవుడు ప్రజల మేలుకొఱకు కొంతకాలము అప్పగించిన సొత్తని మనము నమ్ముచున్నాము. అప్పగింపబడినదానికి లెక్క చెప్పవలసియుండును. ఆ లెక్కలో సాలార్‌జంగుగారు కట్టించిన పాలన బేరారుకంటె తక్కువ విలువగలది కాదు.